తెలుగు మెసేజ్‌కు రెండు బిల్లులా?

1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో మొదటి ఎస్సెమ్మెస్ వెళ్లింది. ఆ తర్వాత అది కంపెనీలకు కాసుల పంట అయింది. మన దగ్గర పండుగ వస్తే చాలు, ప్యాకేజీలు పక్కనబెట్టి మెసేజ్ మెసేజ్‌కూ పూర్తి రేటు గుంజేవారు. వాట్సాప్ వచ్చాక పలకరింపులు అటు మళ్లాయి. అయినా వ్యాపారం ఆగలేదు. ఇప్పుడది ఓటీపీల మీద, బ్యాంకులూ ప్రభుత్వ శాఖలూ పంపే సమాచారం మీద నడుస్తున్నది. నెట్ లేని చిన్న ఫోనుకు చేరే ఉత్తరం ఇదొక్కటే.

ఆ ఉత్తరం ఎవరి భాషలో వస్తున్నది? ఇంగ్లిషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతపు గుర్తుకు ఒకటి, ఒత్తుకు రెండు లెక్క. కంటికి రెండక్షరాలే కనిపించే 'రాష్ట్రం' ఎనిమిదిగా లెక్కకొస్తుంది. 70 దాటితే రెండో మెసేజ్, రెండో బిల్లు. ఖర్చు చూసుకునేవాడు ఇంగ్లిషు వైపే మొగ్గుతాడు. పింఛను పడ్డదో లేదో తెలుసుకోవడానికి అవ్వ పక్కింటి పిల్లగాణ్ణి బతిమాలాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్న హెచ్చరిక కూడా ఆమెకు రాని భాషలోనే ఉంటే, మోసగాడి పని సులువే కదా!

సాంకేతిక సమస్య అని తప్పించుకుంటే కుదరదు. రేటు కట్టింది యంత్రం కాదు, మనుషులే. ఖాతాదారు కోరిన భాషలోనే సమాచారం రావాలి. 160 అక్షరాల దాకా తెలుగుకూ ఒక్క మెసేజ్ రేటే ఉండాలి. ట్రాయ్, రిజర్వు బ్యాంకు ఈ మేరకు ఆదేశాలివ్వాలని మేం డిమాండ్ చేస్తున్నాం.