చట్టంలో తుపాకీ, చేలో కరెంటు తీగ

నల్లమల, లంకమల, పాలకొండల అంచున సేద్యం చేసే రైతుకు శనక్కాయ ఊడలు దిగిన నాటి నుంచి చేలోనే నిద్ర. అడవి పందుల గుంపు పడితే తెల్లారేసరికి చేను దున్నేసినట్టు ఉంటుంది. తుపాకీ లైసెన్సు అడిగితే ఈ ఆఫీసు ఆ ఆఫీసుకు తిప్పుతుంది. చట్టంలో ఏముందో మనమే తెలుసుకుందాం.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, నిజంగా పంట కాపలాకే మూతి నుంచి మందు కూరే తుపాకీ కావాలన్న రైతుకు లైసెన్సు ఇవ్వాలి. 'ఇవ్వవచ్చు' అని లేదు, 'ఇవ్వాలి' అనే ఉంది. ప్రజల భద్రతకు ముప్పనుకుంటే 14వ సెక్షన్ కింద కాదనవచ్చు. అంతేగానీ ఆస్తి చాలదన్న ఒక్క సాకుతో కాదనకూడదు. కాదంటే కారణం రాసిపెట్టాలి. 18వ సెక్షన్ కింద అప్పీలు హక్కుంది.

ఇదేం ఫ్యాక్షన్ ఆయుధం కాదు. గొట్టంలో మందు పోసి, పేలిక కుక్కి, రవ్వలు వేసి, చువ్వతో దట్టించాలి. ఒక్కసారి పేలితే మళ్లీ మొదటి నుంచీ ఇదంతా చేయాలి.

లైసెన్సు వచ్చినా రెండో ముడి ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, అటవీ అధికారుల రాతపూర్వక ఉత్తర్వు లేకుండా పందిని కాలిస్తే రైతే ముద్దాయి. రొళ్లపాడు చుట్టూ చేలు మేసే కృష్ణజింకలకైతే, పంట నష్టం పేరుతో ఆ ఉత్తర్వు కూడా ఉండదు. జింకను చంపమని మేం అనడం లేదు. అది తిన్న పంటకు డబ్బు కట్టమంటున్నాం.

రెండు తలుపులూ మూస్తే మిగిలేది కరెంటు తీగ. దానికి పందీ ఒకటే, రాత్రిపూట మోటారు వేయడానికి వచ్చే పక్క చేను రైతూ ఒకటే. తీగ పెట్టినోడు జైలుకు, తగిలినోడు కాటికి. దారి చూపని సర్కారుకు మాత్రం ఏ కేసూ లేదు.

కేరళలో 2022లో పందులను కాల్పించే ఉత్తర్వు ఇచ్చే అధికారం పంచాయతీ అధ్యక్షులకే ఇచ్చారు. మన దగ్గర ఎందుకు కాదు?

ఇంటికో తుపాకీ కావాలని మేం అడగడం లేదు. తుపాకులు, బాంబులు ఎన్ని ఇళ్లను కూల్చాయో ఈ సీమకు ఒకరు చెప్పనక్కర్లేదు. మేం అడిగేది ఇది: పంట కాపలా దరఖాస్తుకు గడువులోగా రాతపూర్వక జవాబు, పందులపై ఉత్తర్వు మండలంలోనే, శిక్షణ ఉన్నవాళ్లతోనే కాల్పులు, సబ్సిడీపై కంచె, జింకల నష్టానికి పరిహారం.

రైతన్నలారా, తీగ పెట్టొద్దు. దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. కాదంటే కారణం రాసిమ్మనండి. ఆ కాగితం సంఘానికి తెండి, అప్పీలు మనం కలిసి వేద్దాం.