బ్రేకాయిలు మార్చుకొను విధము



గడచిన మాసమున ఊరగాయ జాడీలను వానకాలపు చెమ్మనుండి కాపాడుకొను విధమును గూర్చి వ్రాసితిని. ఈ మాసమున మిమ్ము వంటయింటినుండి వాకిటిలోని స్కూటరు కడకు పిలుచుచున్నాను. విషయము వేఱైనను శత్రువు ఒక్కటియే, అది చెమ్మ.

ఈ సంగతి నాకు గ్రంథమువలన గాక భయమువలన తెలిసినది. మొన్న మాఘమాసమున మావారును, పదియేండ్ల మా అమ్మాయియు అరకులోయను చూచి స్కూటరుపై తిరిగి వచ్చుచుండిరి. అనంతగిరి ఘాటుదారి దిగునంతసేపును మావారు బ్రేకును విడువక పట్టుచునే వచ్చిరట. సగము దిగిన పిమ్మట ఒక మలుపుకడ కుడిచేతి లివరు ఏమాత్రము బిగువు లేక పిడివఱకు వచ్చి తగిలెను. ఎంత నొక్కినను ముందుచక్రము మాట వినలేదు. వెనుకచక్రపు బ్రేకు ఇనుపతీగతో పనిచేయునది యగుటచే దానినే గట్టిగా పట్టి, బండిని కొండవైపునకు మళ్లించి, కంకరలో ఆపుకొనిరి. అరగంట కూర్చుండి లేచి చూడగా, ఏమియు జరుగనట్లు లివరు మరల గట్టిపడి యుండెను.

ఇంటికి వచ్చి మావారు ఈ మాటను నవ్వుచు చెప్పిరి. అమ్మాయి నవ్వలేదు. నాకును నవ్వు రాలేదు.

ఆ బండి కొని నాలుగేండ్లైనది. ఏటేట మరమ్మతు శాలకు పోయి వచ్చుచునే యున్నది. ఇంజను ఆయిలు మార్చినట్లు చీటీలన్నియు నా పెట్టెలో కలవు. బ్రేకాయిలు మార్చినట్లు ఒక్క చీటీయు లేదు. అడిగింపగా, "తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నామండీ" అని సమాధానము వచ్చినది. పోయుట వేఱు, మార్చుట వేఱు. ఈ భేదమును తెలుపుటకే నేడు ఈ వ్యాసము.

మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్నివైపులకును సమానముగ ప్రాకునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు పాస్కలు నిరూపించెను. మన వ్రేళ్ల బలము సన్నని గొట్టముగుండ పోయి చక్రమును పట్టుట ఆ సూత్రమువలననే. 1969లో వెలువడిన హోండా సీబీ 750 మోటారుసైకిలు మొదలుకొని ద్విచక్రవాహనములలో ఈ డిస్కు బ్రేకు క్రమముగ వ్యాపించినది.

బ్రేకాయిలు పేరునకే ఆయిలు గాని నూనె కాదు. మన వాహనములలో సాధారణముగ వాడునది గ్లైకాలు జాతి రసాయనములతో చేసిన ద్రవము. నూనెకును నీటికిని పొత్తు లేదు. దీనికో నీరన్న మిక్కిలి ప్రీతి. శ్రావణమాసమున మూతలేని ఉప్పుగిన్నె గాలిలోని చెమ్మను త్రాగి నీరుగారునట్లు, ఇదియు రబ్బరు గొట్టములగుండను, మూత సందులనుండియు వచ్చు చెమ్మను నెమ్మదిగ త్రాగుచుండును. డాట్ 4 అను రకము క్రొత్తదైనపుడు 230 సెంటీగ్రేడు డిగ్రీలవఱకు మరుగరాదని నియమము, నూటికి 3.7 పాళ్లు నీరు చేరినపుడు ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. డాట్ 3 అను రకమున కివి 205, 140 డిగ్రీలు.

ఘాటుదారిలో బ్రేకును విడువక పట్టిన, డిస్కు రాపిడిచే మిక్కిలి కాగును. ఆ వేడిమి ద్రవమునకు ప్రాకి, అందలి నీరు ఆవిరియగును. ద్రవము నొక్కిన కుదించుకొనదు, ఆవిరి కుదించుకొనును. మన వ్రేళ్ల బలమంతయు ఆవిరిని నొక్కుటకే వ్యయమై చక్రమునకు చేరదు. చల్లారిన పిదప ఆవిరి మరల నీరగును, లివరు గట్టిపడును. మావారి స్కూటరు ఆడిన నాటక మిదియే. కావున "ఇప్పుడు బాగుగనే యున్నది గదా" అను మాటను నమ్మరాదు.

దీనిని మైళ్లనుబట్టి గాక సంవత్సరములనుబట్టి మార్చవలయును. పెక్కు వాహనములకు రెండేండ్ల కొకమారు అని విధింతురు. మీ బండితో ఇచ్చిన పుస్తకమున చూచుకొనుడు. కదలక వాకిట నిలిచియున్న బండియు చెమ్మను త్రాగుచునే యుండును.

కావలసిన వస్తువులు: డబ్బీ మూతపై అచ్చువేసిన రకము (డాట్ 3 గాని, డాట్ 4 గాని) ముద్ర విప్పని సీసా, చక్రము కడనుండు బ్లీడరు మరకు సరిపడు రింగు స్పానరు (తఱచుగ 8 మిల్లీమీటర్లది), ఆ మరకు బిగువుగ పట్టు సన్నని తెల్లగొట్టము, ఒక ఖాళీసీసా, స్క్రూడ్రైవరు, సిరంజి, పాతబట్టలు, బిందెడు నీరు. చేతులకు తొడుగులును, కన్నులకు అద్దములును ఉండుట మేలు. ఇంజను ఆయిలు గాని, కొబ్బరినూనె గాని ఒక్క చుక్కయు అందు పోయరాదు. లోపలి రబ్బరు బిళ్లలు ఉబ్బి చెడును. డాట్ 5 అనునది సిలికోను జాతి. దానిని వీనితో కలుపరాదు.

వానలేని పొడిదినమున, చదునైన నేలపై బండిని నడిమి స్టాండున నిలిపి, డబ్బీ సమముగ నుండునట్లు హ్యాండిలు త్రిప్పుడు. రంగువేసిన భాగములపై తడిబట్ట కప్పుడు. మూతను శుభ్రముగ తుడిచి, మరలు విప్పి, క్రిందనుండు రబ్బరు పొరను తీయుడు. పాతద్రవమును సిరంజితో లాగివేసి, క్రొత్తదానిని పై గీతవఱకు పోయుడు. పిదప చక్రముకడ బ్లీడరు మరపై స్పానరు నుంచి, గొట్టమును తొడిగి, దాని రెండవ కొనను సీసాలో కొంచెము పోసిన క్రొత్తద్రవమున మునుగనిండు.

ఇక ఇద్దఱు మనుష్యులు కావలయును. ఒకరు లివరుకడ, ఒకరు చక్రముకడ. లివరును మెల్లగ నొక్కి పట్టవలయును. అపుడు రెండవవారు మరను పావుచుట్టు విప్పవలయును. ద్రవము గొట్టములోనికి పాఱును, లివరు పిడివైపు వచ్చును. అట్లే పట్టియుండగా మరను బిగింపవలయును. అటుపిమ్మటనే లివరును విడువవలయును. ఈ వరుసయే సర్వమును. బిగింపకముందే విడిచినచో గాలి లోపలికి పోవును. ఆవిరివలెనే గాలియు కుదించుకొనును. మా యింట లివరు పట్టునది మా అమ్మాయి. "పట్టు", "విడువు" అని నేను చెప్పుటయు, "పట్టాను", "వదిలాను" అని అది బదులు చెప్పుటయు మాకొక పాఠమువలె అలవడినది.

నాలుగైదు మారులకొకసారి డబ్బీలో చూచి క్రొత్తద్రవము పోయుచుండవలయును. క్రింది గీతకంటె దిగినచో గాలి చొరబడి పనియంతయు మొదటికి వచ్చును. మా బండిలోనిది మొదట కాఫీ డికాక్షనువలె నల్లగ వచ్చి, తుదకు లేతపసుపు వన్నెతో తేటపడినది. బుడగలు ఆగి, తేటద్రవము వచ్చువఱకు ఇట్లు చేసి, మరను బిగింపుడు. అది చిన్నమర, అతిబలము చూపిన విఱుగును. పై గీతవఱకు నింపి, రబ్బరుపొరను, మూతను అమర్చుడు. రంగుపై చుక్కపడిన వెంటనే నీరు పోసి కడుగుడు. నీటిని ప్రేమించు గుణము ఇచ్చట మనకు మేలే చేయును. డిస్కుపైనను, ప్యాడ్లపైనను మాత్రము చుక్క పడనీయరాదు.

మఱియొక సంగతి. డబ్బీలో మట్టము తగ్గినంతనే పోయుట తెలివికాదు. ప్యాడ్లు అరిగినకొలది మట్టము దిగును. ఎచ్చటనైన కారినను దిగును. ముందు కారణము చూచి, ఆ పిదపనే పోయుడు.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నుండు మా తమ్ముడు తన పొలమున తిరుగుటకు ఏ.టీ.వీ. అను నాలుగుచక్రముల బండిని ఉంచుకొన్నాడు. బురదను, వాగులను దాటు ఆ బండికిని పద్ధతి ఇదియే. ముందుచక్రములు రెంటికిని ఒకే డబ్బీ యున్నచో, డబ్బీకి దూరముగ నున్న చక్రముకడ మొదట చేసి, పిదప దగ్గఱిదానికి చేయవలయును. మరను విప్పకముందే దానిచుట్టునున్న బురదను కడిగి ఆఱనీయవలయును. ఏ.బీ.ఎస్. అమరిక గల బండ్లలో గాలి చొరబడినచో దానిని తీయుటకు ప్రత్యేకయంత్రము కావలసి రావచ్చును. అట్టివానిని తెలిసినవారికే ఒప్పగింపుడు.

పని ముగిసిన పిదప లివరు గట్టిగ తగులువఱకు పలుమారులు నొక్కి, వాకిటనే నెమ్మదిగ నడిపి చూచి కాని వీథిలోనికి తీయరాదు. లివరు మెత్తగ నున్నచో గాలి మిగిలియున్నదని గ్రహించి మరల చేయుడు. తీసిన పాతద్రవము విషము. దానిని సీసాలో మూసి, పేరు వ్రాసి, పిల్లలకు అందనిచోట ఉంచి, మరమ్మతు శాలవారికి ఒప్పగింపుడు, కాలువలో పోయకుడు. నెలల తరబడి మూతవిప్పి యుంచిన సీసాలోని మిగులును మరల వాడకుడు. అదియు చెమ్మ త్రాగియే యుండును.

ఇది మాకు చేతగాదనువారు మెకానిక్కుచేతనే చేయింపుడు. కాని "పోసితిరా, మార్చితిరా?" అని అడుగుడు, పాతద్రవమును కన్నులార చూడుడు, చీటీపై ఆ మాట వ్రాయింపుడు. బాహుకరూపమున నున్న నలుడంతటి సారథియే గుఱ్ఱములను పరీక్షించి కాని ఋతుపర్ణుని రథమునకు పూన్పలేదు.

మా గోడ క్యాలెండరుపై ఆవకాయ కలిపిన తేదీ ప్రక్కనే ఇప్పుడు బ్రేకాయిలు మార్చిన తేదీయు కలదు. దానిని వ్రాసినది మా అమ్మాయి.