కిరాయి ఇంట్లో స్పీడ్ వెంట పరుగు దండగ

సింగరేణి బొగ్గు పట్టణం మందమర్రిలో ఎవరైనా కొత్తగా కిరాయికి దిగి ఇంట్లో నెట్ పెట్టించుకుంటామంటే చుట్టుపక్కల అందరూ ఒకటే సలహా ఇస్తారు. స్పీడ్ ఎవరు ఎక్కువిస్తే వాళ్లది తీసుకో. ఏడాది పైసలు ఒకేసారి కట్టు, ఒకటి రెండు నెలలు కలిసొస్తాయి. లోకల్ కేబులాయనను నమ్మకు, పెద్ద కంపెనీకి పో. ఇదే ఊరి నుంచి వెళ్లి డాలస్‌లోనో మ్యూనిక్‌లోనో ఫ్లాట్ కిరాయికి తీసుకున్న పిల్లలకు అక్కడి దోస్తులు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే.

ఈ సలహా తప్పు. ఇల్లు తనదైనవాడికి కొంత పనికొస్తుందేమో గానీ, కిరాయికుండే మనిషిని మాత్రం నిలువునా ముంచుతుంది. కిరాయిదారు ముందుగా తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఈ గోడ దాకా ఎవరి తీగ వచ్చింది? తెగితే ఎవరొచ్చి అతుకుతారు? ఇల్లు ఖాళీ చేసిన రోజు ఈ కనెక్షన్ నాతో వస్తుందా, లేకుంటే నన్ను వదులుతుందా? వీటికి జవాబు దొరికాకే వేగం, రేటు లెక్కలోకి రావాలి.

స్పీడ్ సంగతి ముందు తేల్చుకుందాం. ఫుల్ హెచ్‌డీలో సినిమా చూడటానికి సెకనుకు 5 మెగాబిట్లు (ఎంబీపీఎస్), 4కేలో చూడటానికి 15 చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. వీడియో కాల్‌కు నాలుగైదు దాటవు. అంటే ఒక గదిలో సీరియల్, ఇంకో గదిలో పిల్ల క్లాసు, వంటింట్లో అమెరికా కొడుకుతో మాట ఒకేసారి నడిచినా 30 ఎంబీపీఎస్ లైన్‌కు బరువు కాదు. మరి 100 ఎంబీపీఎస్ తీసుకున్న ఇంట్లో రాత్రి ఎనిమిదికి బొమ్మ ఎందుకు ఆగుతుంది? ఇంటింటికీ వచ్చే ఫైబర్ ఒక్కో ఇంటికి విడిగా పోయేది కాదు కాబట్టి. ఎక్కువ చోట్ల వాడుతున్న జీపాన్ పద్ధతిలో ఒక పోర్టు నుంచి బయలుదేరే, సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల ధారను స్తంభం మీది స్ప్లిటర్ 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. ఆపైన మీ ఆపరేటర్ పైనుంచి ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నాడన్నది ఇంకో ముడి. అందరూ ఇంట్లో ఉండే వేళకు అతను కొన్నది చాలకపోతే మీ ప్లాన్ కాగితం మీది అంకె మిమ్మల్ని కాపాడదు. ఇంట్లోపలి సంగతి మరొకటి. రూటర్ ముందు గది మూల పెట్టి, రెండు గోడల అవతల వెనక గదిలో పడుకుని ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి కంపెనీని తిడతారు. గోడ మింగిన వేగాన్ని పెద్ద ప్లాన్ తిరిగి తేలేదు. రూటర్‌ను నడిమింట్లోకి జరిపితే వచ్చే మేలు ప్లాన్ పెంచితే రాదు.

రెండో సలహా ఏడాది ప్లాన్. ఇది ఇంకా ప్రమాదకరం. మందమర్రిలో కిరాయికి ఉండేదెవరు? బొగ్గు బాయి మీద కాంట్రాక్టు పనికి వచ్చినవాళ్లు, బదిలీల మీద వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, క్వార్టర్ దొరకక బయట ఉంటున్న సింగరేణి కార్మికులు. సింగరేణి ఉద్యోగమంటే కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా ఎక్కడైనా చేయాల్సిందే. బొగ్గు అయిపోయి బాయి మూతపడితే శ్రీరాంపూర్‌కో భూపాలపల్లికో పోవాలి. కాంట్రాక్టు కార్మికుడికి ఆ మాత్రం నిలకడ కూడా లేదు, టెండర్ మారితే పనే మారుతుంది. పదకొండు నెలల కాగితం మీద, ఒక్కోసారి ఆ కాగితం కూడా లేకుండా, నోటి మాట మీద ఉంటున్న మనిషిని పన్నెండు నెలల డబ్బు ముందే కట్టమనడం న్యాయమేనా? కలిసొస్తాయన్న రెండు నెలలు మిగిలేది ఏడాదంతా ఆ గోడల మధ్యే ఉన్నవాడికి. ఆరో నెలలో ఇల్లు మారి, కొత్త వీధిలో ఆ కంపెనీ తీగ లేకపోతే పోయేది రెండు నెలలు కాదు, ఆరు నెలలు. ఇంకో నష్టం కూడా ఉంది. నెలనెలా కట్టేవాడి చేతిలో వచ్చే నెల బిల్లు అనే పట్టు ఉంటుంది. మొత్తం ముందే కట్టినవాడు వారం రోజులు లైన్ పోయి రూటర్ మీద ఎర్ర లైట్ చూస్తూ కూర్చోవాల్సి వచ్చినా బతిమాలడమే గానీ గట్టిగా అడగలేడు.

అంత తలనొప్పి ఎందుకు, ఫోన్ డేటా చాలు కదా అనేవాళ్లూ ఉన్నారు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక దేశమంతా ఈ అలవాటులోనే ఉంది. 2024 చివరికి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ వాడేవాళ్లలో మొబైల్ మీద ఉన్నవాళ్లు సుమారు 90 కోట్లు ఉంటే, ఇంటికి తీగ ఉన్న కనెక్షన్లు సుమారు 4 కోట్లే. కానీ ఫోన్ మనిషిది, ఇంటిది కాదు. ఇంటి నెట్ అంతా నాన్న ఫోన్‌లో ఉంటే నాన్న ఫస్ట్ షిఫ్ట్‌కు పోగానే ఇల్లు ఆగిపోతుంది. 2020 సెప్టెంబర్‌లో ప్రభుత్వ బడుల పిల్లలకు టీవీలో, ఫోన్‌లో పాఠాలు మొదలైనప్పుడు ఒక్క ఫోన్‌ను ఇద్దరు ముగ్గురు పిల్లలు పంచుకున్న ఇళ్లు ఈ బొగ్గు పట్టణాల్లో ఎన్నో. చవక అన్న మాటకూ కాలం చెల్లింది. 2024 జులైలో పెద్ద ప్రైవేటు మొబైల్ కంపెనీలన్నీ రోజుల తేడాతో రేట్లు పెంచాయి. ఇంట్లో నాలుగు ఫోన్లకు వేసే రీచార్జులు కూడి చూస్తే నెలకు 399 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 471 రూపాయల ఫైబర్ ప్లాన్ ఏ మాత్రం భారం కాదని తెలుస్తుంది.

గాలిలో వచ్చే 5జీ పెట్టెల గురించి ఒక మాట ఒప్పుకోవాలి. 2023 నుంచి ఎయిర్‌టెల్, జియో ఇస్తున్న ఎయిర్‌ఫైబర్‌కు వీధి తవ్వనక్కర్లేదు, స్తంభం ఎక్కనక్కర్లేదు. తరచూ ఇల్లు మారేవాళ్లకు ఇది నిజంగానే ఆలోచించదగ్గది. కానీ దాని డేటా పరిమితి చూసుకోవాలి. తీగ ఫైబర్‌లో జియో నెలకు 3300 జీబీ పెడితే, ఎయిర్‌ఫైబర్‌లో పెట్టింది 1000 జీబీ. పైగా దాని యాంటెనా కూర్చోవాల్సింది ఓనర్ డాబా మీదే.

అసలు సంగతి ఇక్కడుంది. ప్లాన్ ఎంచుకునేది కిరాయిదారు అని అందరూ మాట్లాడతారు. నిజానికి ఎంపిక జరిగేది ఓనర్ గోడ దగ్గర. రంధ్రం వేయనిస్తాడా, పక్కింటి మీదుగా తీగ లాగనిస్తాడా, తన బావమరిది నడిపే కేబుల్ కనెక్షనే పెట్టుకోవాలంటాడా అన్నదాన్ని బట్టి నాలుగు కంపెనీల్లో మనకు మిగిలేది ఒకటో అరో. మన ఊరి యాపల్‌లోనో పాలచెట్టు ఏరియాలోనో ఒక గది కిరాయికి తీసుకున్నవాడికి ఫోన్‌లో కనిపించే ప్లాన్ల పట్టిక మీద అధికారం లేదు. ఆ పట్టికను చూసి తెలివిగా ఎంచుకో అని చెప్పడం, అతను చేయలేని పనిని అతని తప్పుగా చూపించడమే.

ఇది మన ఊరి గొడవ మాత్రమే అయితే ఓనర్‌కు నచ్చజెప్పుకుంటే సరిపోయేది. ప్రపంచమంతా కిరాయిదారు ఇదే గోడకు తల కొట్టుకున్నాడు, కొన్ని దేశాలు చట్టంతో ఆ గోడను కదిలించాయి. అమెరికాలో అపార్ట్‌మెంట్ యజమానులు ఒకే కంపెనీని లోపలికి రానిచ్చి దాని ఆదాయంలో వాటా తీసుకునేవారు. 2022 ఫిబ్రవరిలో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ తరహా ప్రత్యేక ఆదాయ పంపకం ఒప్పందాలను నిషేధించింది. కిరాయిలోనే నెట్ బిల్లు కలిపి అందరికీ అంటగట్టే పద్ధతి అక్కడ ఇంకా ఉంది, కాబట్టి పోరు పూర్తికాలేదు. 2024 ఏప్రిల్ నుంచి అక్కడి పెద్ద కంపెనీలు ప్లాన్ అసలు ధర, అదనపు ఫీజులు, వేగం, డేటా పరిమితి అన్నీ ఒకే చీటీలో చూపించాల్సి వచ్చింది. జర్మనీ ఇంకా ముందుకు పోయింది. 2021 డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన టెలికాం చట్టం ప్రకారం, ఇల్లు మారిన చోట కంపెనీ అదే సేవ ఇవ్వలేకపోతే నెల నోటీసుతో ఒప్పందం తెగిపోతుంది. కిరాయి ఖర్చుల్లో కేబుల్ టీవీ చార్జీ కలిపి వసూలు చేసే పాత వెసులుబాటు 2024 జూన్‌తో ముగిసింది. మ్యూనిక్‌లో ఉంటున్న మందమర్రి పిల్లకు ఉన్న ఈ హక్కు ఇక్కడ ఊళ్లో రెండో జోన్‌లో కిరాయికుంటున్న ఆమె తమ్ముడికి ఎందుకు ఉండకూడదు? మన దగ్గర 2024 అక్టోబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. మంచిదే. అయితే ఆ రేటింగ్ ఐచ్ఛికం, పెద్ద భవనాలకు ఆకర్షణ. రేకుల గదిలో కిరాయికున్నవాడికి దానితో ఒరిగేదేమీ లేదు.

ఇక పెద్ద కంపెనీ అయితేనే నమ్మకం అన్న మాట. తీగ తెగేది హైదరాబాద్ ఆఫీసులో కాదు. కోతులు కొరికితే, ఎత్తుగా లోడు చేసిన లారీకి తగిలితే, కొత్త డ్రైనేజీకి తవ్వితే తెగుతుంది, అదీ మన వీధిలో. అప్పుడు నిచ్చెనతో వచ్చేది ఈ ఊరి మనిషే. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌ను చాలా చోట్ల ఇంటికి చేరుస్తున్నది ఆదాయంలో వాటా తీసుకునే స్థానిక భాగస్వాములే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా నెలకు 149 రూపాయల ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు కూడా గుమ్మం దాకా తీగ తీసుకుపోయింది ఊరి కేబుల్ ఆపరేటర్లే. బోర్డు మీద ఏ పేరున్నా, చివరి వంద గజాలు స్థానికుడివే. కాబట్టి కనెక్షన్ తీసుకునే ముందు కాల్ సెంటర్ నంబర్ కంటే ఆ లైన్‌మన్ నంబర్ ముఖ్యం. సెకండ్ షిఫ్ట్ దిగి అర్ధరాత్రి ఇంటికొచ్చేవాడు పొద్దున నిద్ర లేచాక చెబితే ఆ మధ్యాహ్నానికి ఎవరొస్తారో కనుక్కోవాలి. అదే వీధిలో పక్కింటివాళ్లను పోయినసారి లైన్ పోతే ఎన్ని రోజులకు వచ్చిందని అడిగితే ఏ ప్రకటనా చెప్పని నిజం తెలుస్తుంది.

స్థానిక ఆపరేటర్లలో వీధులు పంచుకుని పోటీ రానివ్వనివాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్లను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఆ గుత్తాధిపత్యానికి మందు దూరాన ఉన్న ఇంకో గుత్తాధిపత్యం కాదని మాత్రం అంటున్నాను. మందు, ఒక ఇంటికి ఇద్దరి తీగ చేరే వీలుండటం.

చట్టం మన చేతికి బొత్తిగా ఏమీ ఇవ్వలేదనుకోవడం కూడా పొరపాటే. బ్రాడ్‌బ్యాండ్ చెడిపోయి మూడు పనిదినాలు దాటితే బిల్లులో తగ్గింపు ఇవ్వాలన్న సూత్రాన్ని ట్రాయ్ 2006 నిబంధనల్లోనే పెట్టింది. టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఇవి వాడాలంటే ఫిర్యాదు చేసిన తేదీ, దానికి కంపెనీ ఇచ్చిన డాకెట్ నంబర్, కట్టిన డబ్బుకు రసీదు మన దగ్గర ఉండాలి. రసీదు మన పేరు మీద ఉండాలి. ఓనర్ పేరు మీదున్న కనెక్షన్‌కు నెలనెలా అతని చేతిలో పైసలు పెడుతున్న కిరాయిదారుకు తానే వినియోగదారునని చూపించుకోవడం కష్టమవుతుంది.

ఇందుకే ఈ వాదన కిరాయిదారు దగ్గర ఆగకూడదు. మందమర్రిలో అందరికంటే పెద్ద ఇంటి యజమాని సింగరేణి. 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది అయిన ఈ కంపెనీ తన క్వార్టర్లకు కరెంటు, నీళ్లు ఇస్తోంది. అదే వరసలో ప్రతి క్వార్టర్ల లైనుకూ ఒక ఖాళీ పైపు వేసి, ఏ కంపెనీకైనా ఒకే షరతుల మీద దాన్ని వాడుకోనివ్వాలి. అందులో దిగే కార్మికుడు తనకు నచ్చినవాడి తీగ పెట్టించుకుంటాడు, పదవీ విరమణ చేసి పోయేటప్పుడు తీగ గోడకే ఉంటుంది, తరువాత వచ్చినవాడు మళ్లీ తవ్వనక్కర్లేదు. కార్మిక సంఘాలు గుర్తింపు సంఘం ఎన్నికల్లో క్వార్టర్ల మరమ్మతుల గురించి అడిగినట్టే దీన్నీ అడగాలి. మున్సిపాలిటీ రోడ్డు తవ్వకానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఇంకొకరికీ చోటుండేలా పైపు వేయించాలి. ఇల్లు కిరాయికిచ్చే ఓనర్లకు కూడా ఇందులో నష్టం లేదు, రెండు తీగలు చేరే ఇల్లు ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండదు.

అవన్నీ జరిగేదాకా కిరాయిదారు చేయగలిగింది కూడా తక్కువేం కాదు. అడ్వాన్సు ఇచ్చే ముందే, నీళ్లు ఏ వేళకొస్తాయని అడిగినట్టే, ఎవరి లైన్ ఉంది, ఇంకొకరిది లాగనిస్తారా అని ఓనర్‌ను అడగాలి. కిరాయి కాగితంలో ఆ మాట ఒక వాక్యంగా రాయించుకోవాలి. కనెక్షన్ తన పేరు మీద, నెల ప్లాన్‌లో, చిన్న వేగంతో మొదలుపెట్టి, మూడు నెలలు చూసి, చాలకపోతేనే పెంచుకోవాలి. కంపెనీ ఇచ్చిన రూటర్, ఫైబర్ తీగ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె తిరిగి అప్పగించినప్పుడు కాగితం మీద సంతకం తీసుకోవాలి. ఎక్కువ ఎంబీపీఎస్ అమ్మేవాళ్లకు ఈ ప్రశ్నలు నచ్చవు. నచ్చకపోయినా అడగాలి, ఎందుకంటే డబ్బు కట్టేది మనం.