మోగ్లీ ఎందుకు వెళ్ళిపోవాలి?

మొన్న ఆదివారం రాత్రి భోజనాలయ్యాక హాలులో వేసిన 'జంగిల్ బుక్' అందరం చూశాం. 1967లో అమెరికాలో డిస్నీ కంపెనీ తీసిన బొమ్మల సినిమా. ఎలుగుబంటి పాట వచ్చినప్పుడు ఏడో తరగతోళ్ళు బెంచీలెక్కి ఎగిరారు. వార్డెన్ సారు కూడా నవ్వారు, నేను చూశాను. నేనూ నవ్వాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తున్నాను, తప్పయితే వచ్చే సంచికలో జవాబు రాయండి.

ఆ పాటలో బాలూ రాళ్ళెత్తి చీమలు తింటానంటాడు. అది అబద్ధం కాదు. మన ఎలుగు పుట్ట తవ్వి, మూతి పెట్టి చెదలు పీలుస్తుంటే దూరానికే వినబడుతుంది. కాకపోతే మన ఎలుగు నల్లగా, ఎదమీద తెల్ల గీతతో ఉంటుంది. తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరేటప్పుడు ఎదురైతే అది పాట పాడదు! కోతుల రాజుగా చూపించిన ఒరాంగుటాన్ అసలు మన దేశంలోనే లేదు, బోర్నియో, సుమత్రా దీవుల్లో ఉంటుంది. 1894లో కిప్లింగ్ రాసిన పుస్తకంలో కోతులకు రాజే లేడు. సరదా కోసం పెట్టారు, పోనీ. జంతువులు మాట్లాడితే తప్పేంది? మా అవ్వ కథల్లో నక్క, పులి ఎప్పట్నుంచో మాట్లాడుతున్నాయి.

నా బాధ వేరే. పులి తిరిగొచ్చిందని తెలియగానే తోడేళ్ళు కూచుని పిల్లోణ్ణి అడవి నుంచి పంపేయాలని తీర్మానిస్తాయి. ఇక సినిమా అంతా బగీరా వాణ్ణి మనుషుల ఊరికి తోలుకపోవాలని చూడడమే. అడవి జంతువులది, ఊరు మనుషులది. మరి మనం ఎక్కడ? కథ జరిగే సియోనీ అడవులు మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. గోండులు ఎక్కువగా ఉండే జిల్లా అది. సినిమాలో మాత్రం చివర ఒక ఊరు, నీళ్ళకొచ్చిన ఒక పిల్ల, అంతే. అడవిలో బతికే మనిషి మోగ్లీ తప్ప ఒక్కడూ కనబడడు. ఇంగ్లీషు సారు చెప్పారు, 1895లో వచ్చిన రెండో పుస్తకంలో గోండు వేటగాళ్ళు వస్తారట, ఈ నేలకు మొదటి హక్కుదారులు వాళ్ళేనని కిప్లింగ్ రాశాడట. తెల్లదొర రాసిన ఆ మాట సినిమావాళ్ళకు అక్కర్లేకపోయింది. మొదట రాసిన కథ మరీ దిగులుగా ఉందని డిస్నీ మార్పించాడట. సినిమా విడుదల కాకముందే, 1966లో, ఆయన చనిపోయాడు. నవ్వించాలనుకున్నాడు, నవ్వించాడు. మనల్ని తీసేయకుండా నవ్వించలేడా?

పాత సినిమా, మనకెందుకు అంటారేమో. మన దగ్గర కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వు చేశారు. లోపలి ఊళ్ళు కొన్నిటిని బయటికి తరలించారు కూడా. అడవిలో సాగు చేసుకుని బతికేవాళ్ళకు హక్కుందని 2006లో చట్టం వచ్చింది. పులి బతకాలి, కాదనను. మా నాయన కూడా కాదనడు. కానీ పులి వచ్చింది కాబట్టి పిల్లోడు పోవాలి అన్న మాట పాటలతో కలిపి చెప్తే మనమే చప్పట్లు కొట్టాం.

ఇంకో సంగతి. సోమవారం నుంచి ఆరో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముణ్ణి 'మోగ్లీ' అంటున్నారు. వాడికి తెలుగు తక్కువ, గోండి మాట్లాడతాడు. గోండి తోడేళ్ళ భాషా? మనలో సగం మంది ఇంటికి పోతే మాట్లాడేది అదే కదా. వాడు రెండు రోజులుగా బంతిలో చివరన ఒక్కడే కూచుని తింటున్నాడు. అలా పిలిచేవాళ్ళలో నా దోస్తులున్నారు. మొదటి రోజు నేనూ పిలిచాను. నిన్న పోయి వాడి పక్కన కూచున్నాను, ఇంకా మాట్లాడలేదు.

వార్డెన్ సారుకు మనవి: ఆ రెండో పుస్తకం తెలుగులో దొరికితే మన లైబ్రరీకి తెప్పించండి. ముందు నాకే ఇవ్వాలి.

— తొమ్మిదో తరగతి విద్యార్థి