దానానికి లెక్క కావాలి, ఫోటో కాదు

రంజాన్ దగ్గర పడుతోందంటే మా బళ్ళారిలో రెండు పనులు మొదలవుతాయి. మసీదులకు సున్నం వేస్తారు, ప్రింటింగు షాపుల్లో ఫ్లెక్సీలకు ఆర్డర్లు పడతాయి. మా తెలుగు సంఘం కార్యవర్గం కూడా పోయిన ఆదివారం కూర్చుంది. రంజాన్ సరుకుల కిట్లు ఈ ఏడు ఎన్ని ఇవ్వాలి, ఎవరి చేత ఇప్పించాలి, ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత ఉండాలి అన్నవి ఎజెండాలోని మూడు అంశాలు. మొదటిది పది నిమిషాల్లో తేలిపోయింది. మూడోదాని మీద గంటన్నర నడిచింది. మినిట్స్ పుస్తకం రాసేది నేనే కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్పగలను.

మా సంఘంలో అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. నేను దూదేకుల కుటుంబంలో పుట్టినవాణ్ణి. మా తాత దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మాకు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, నమాజులో అరబ్బీ. 1953లో బళ్ళారి మైసూరు వైపు పోయినా ఇంటి భాష మాత్రం పోలేదు. ఇంత ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యాసం పక్కింటివాళ్ళ తప్పులు ఎంచడానికి కాదు. తప్పు నాది కూడా.

పోయిన రంజాన్‌కు 120 కిట్లు పంచాం. వేదిక మీద ఏడుగురు పెద్దమనుషులు ఒక్క సంచిని పట్టుకుంటే, దాని చివర ఒక ఆడమనిషి చేయి ఆనించి నిలబడింది. అలాంటి ఫోటోలు నలభై దాకా తీసి ఫేస్‌బుక్కులో, ఆరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది నేనే. రాత్రి పడుకునే ముందు లైకులు ఎన్ని వచ్చాయో చూసుకున్నదీ నేనే.

మర్నాడు లిస్టు సరిచూస్తే 17 పేర్ల ఎదుట సంతకం లేదు. వాటిలో ఒకామె జీన్స్ కుట్టే యూనిట్లో పనిచేస్తుంది. భర్త లేడు. సాయంత్రం కిట్టు తీసుకుని వాళ్ళింటికి పోయాను. ఎందుకు రాలేదమ్మా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అన్నా, మీరిచ్చే బియ్యం మూడు వారాలు వస్తాయి. ఆ ఫోటో ఎన్నాళ్ళుంటుంది? మా పాపకు సంబంధం చూస్తున్నాం. వాళ్ళ ఫోన్లోకి పోతే ఏం చెప్పాలి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందు ఏడు ఆమె వరుసలో నిలబడిన ఫోటో అప్పటికీ మా పేజీలో ఉంది.

సంకల్పం మాట

ఇస్లాంలో ఏ ఆరాధనకైనా మొదలు నియ్యత్, అంటే సంకల్పం. సహీహ్ బుఖారీ గ్రంథంలో మొట్టమొదటి హదీసే దీని గురించి. పనుల విలువ సంకల్పాన్ని బట్టి ఉంటుందని ముహమ్మద్ ప్రవక్త (స) చెప్పిన మాటను హజ్రత్ ఉమర్ ద్వారా అందులో నమోదు చేశారు. దేవుని కోసం మాత్రమే చేయడాన్ని ఇఖ్లాస్ అంటారు. జనం చూడాలని చేయడాన్ని రియా అంటారు. తెలుగులో ప్రదర్శనాబుద్ధి అని రాస్తారు. ఈ రియాను చిన్న షిర్క్‌గా, అంటే దేవునికి చేయవలసిన దానిలో ఇంకొకరిని వాటాదారుగా చేర్చడంగా ప్రవక్త హెచ్చరించారు.

ఇంకో హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. తీర్పు దినాన మొదట విచారణకు వచ్చేది ముగ్గురు: యుద్ధంలో చనిపోయినవాడు, ఖుర్ఆన్ నేర్చి నేర్పినవాడు, దండిగా దానం చేసినవాడు. ముగ్గురూ చేసింది గొప్ప పనే. అయితే వీరుడు అనిపించుకోవాలని ఒకడు, పండితుడు అనిపించుకోవాలని ఒకడు, దాత అనిపించుకోవాలని ఒకడు చేశారు. జనం ఆ మాట అననే అన్నారు కాబట్టి వాళ్ళకు రావలసింది అక్కడే ముట్టిపోయింది. ఇక ఖాతాలో ఏమీ లేదు. ఆఫీసు భాషలో చెప్పాలంటే బిల్లు ముందే పాసైపోయింది, రెండోసారి పెట్టుకుంటే చెల్లదు.

ఆరాధనలన్నిటిలో ఉపవాసానికి ఒక ప్రత్యేకత ఉంది. నమాజు నలుగురికీ కనబడుతుంది, హజ్ ఊరంతటికీ తెలుస్తుంది. ఉపవాసం కనబడదు. గదిలో తలుపు వేసుకుని గుక్కెడు నీళ్ళు తాగితే ఎవరికి తెలుస్తుంది? అది తన కోసమేననీ, దాని ప్రతిఫలం తానే ఇస్తాననీ దేవుడు అన్నట్టు హదీసులో ఉంది. అలా కనబడకుండా ఉండవలసిన నెలనే మనం ఏడాదిలోకెల్లా ఎక్కువ ఫ్లెక్సీలు కట్టే నెల చేసుకున్నాం.

ఫోన్ వచ్చాక

ప్రదర్శన కొత్తది కాదు. పేరుకు ముందు హాజీ అని రాయకపోతే శుభలేఖ వెనక్కి పంపినవాళ్ళు మా చిన్నప్పుడూ ఉన్నారు. ఫోన్ వచ్చాక మారింది దాని వేగం, ఆయుష్షు. కాబా ముందు సెల్ఫీలు, ప్రదక్షిణ చేస్తూనే వీడియో కాల్స్ ఎంతగా పెరిగాయంటే, మక్కా, మదీనాల్లోని రెండు పవిత్ర మసీదుల్లో ఫోటోలూ వీడియోలూ తీయరాదని సౌదీ ప్రభుత్వమే 2017లో ప్రకటించవలసి వచ్చింది.

బక్రీదుకు కూడా అదే వరస. పొట్టేలు ధర ఎంత, తూకం ఎంత అని వీడియోలు తీసి పెడుతున్నారు. బలి పశువుల మాంసం గానీ రక్తం గానీ దేవునికి చేరవనీ, చేరేది మనిషి భయభక్తులేననీ ఖుర్ఆన్ 22వ అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. ఆ వీడియోలో భయభక్తులు తప్ప మిగతావన్నీ కనబడతాయి.

రాజకీయ ఇఫ్తార్లది ఇంకో దారి. హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వ ఇఫ్తారు, జిల్లాల్లో ఎమ్మెల్యేల ఇఫ్తార్లు, మా వైపు కార్పొరేటర్ల ఇఫ్తార్లు. ఉపవాసం ఉన్నవాళ్ళు వెనక వరుసల్లో ఖర్జూరం కోసం చూస్తుంటే, లేనివాళ్ళు ముందు వరుసలో టోపీ పెట్టుకుని కెమెరా కోసం చూస్తుంటారు. కలిసి తినడం మంచిదే, కాదనను. కానీ దాన్ని ఆరాధనలో జమ కట్టుకోకూడదు.

ఇక్కడ అబ్దుల్ కలాం గారి సంగతి గుర్తుచేసుకోవాలి. 2002లో రాష్ట్రపతి అయిన ఏడాదే రాష్ట్రపతి భవన్ ఇఫ్తారు విందు మాటెత్తి, కడుపు నిండినవాళ్ళకు మళ్ళీ విందు ఎందుకని ఆయన అడిగారట. దానికయ్యే సుమారు 22 లక్షల రూపాయలతో పిండి, పప్పు, దుప్పట్లు కొనించి అనాథాశ్రమాలకు పంపించారు. అది సర్కారు సొమ్మే కదా, నాది కూడా ఉండాలి అని సొంత డబ్బు లక్ష రూపాయలకు చెక్కు రాసి, ఈ మాట ఎవరికీ చెప్పవద్దన్నారు. ఆయన కార్యదర్శిగా పనిచేసిన పి.ఎం. నాయర్ తరవాత చెబితే తప్ప లోకానికి తెలియలేదు. కలాం పదవిలో ఉన్నన్నాళ్ళూ అక్కడ ఇఫ్తారు జరగలేదు. తరవాత మళ్ళీ మొదలై, 2018లో రామ్‌నాథ్ కోవింద్ హయాంలో ఆగింది. ఆ ఆపడానికి చెప్పిన కారణం వేరు, ప్రభుత్వ భవనంలో మతపరమైన వేడుకలు వద్దని. పైకి రెండూ ఒకే పనిలా కనబడినా వాటి వెనక సంకల్పాలు వేరు.

ఫోటో ఖర్చు ఎవరిది?

రియా గురించి మన ప్రసంగాల్లో ఎప్పుడూ దాత నష్టమే చెబుతారు. పుణ్యం పోతుంది, చేసింది వృథా అవుతుంది అంటారు. నిజమే. అయితే ఆ జీన్స్ కుట్టే ఆమె మాట విన్నాక నాకు ఇంకో నష్టం కనబడింది. దాత పోగొట్టుకునేది రేపటి పుణ్యం. తీసుకునేవాళ్ళు పోగొట్టుకునేది ఇవాళ్టి పరువు. ఫోటోకు అసలు ఖర్చు పెడుతున్నది వాళ్ళు.

ఖుర్ఆన్ రెండో అధ్యాయం, బఖరాలో ఈ విషయం వరుసగా వస్తుంది. ఇచ్చింది ఎత్తిపొడిచి, మనసు నొప్పించి దానాన్ని పాడుచేసుకోవద్దని చెబుతుంది. జనం చూడాలని ఇచ్చేవాణ్ణి మట్టి కప్పిన బండతో పోలుస్తుంది. ఒక్క వాన పడితే మట్టి కొట్టుకుపోయి బండ మిగులుతుంది. ఆ తరవాత, ఎవరినీ పట్టి అడగక, గుట్టుగా ఉండేవాళ్ళను గుర్తించమంటుంది. వాళ్ళ సంయమనం చూసి తెలియనివాళ్ళు కలిగినవాళ్ళే అనుకుంటారని చెబుతుంది. మా లిస్టులో సంతకం లేని 17 పేర్లూ అలాంటివాళ్ళవే. ఫోటో పెట్టిన నాడే వాళ్ళకు మేం తలుపు మూసేశాం. కెమెరాకు భయపడనివాళ్ళు మాత్రమే వరుసలోకి వచ్చారు.

పీర్ల పండగ తెలిసిన మన ఊళ్ళకు ఇమాం హుసేన్ పేరు కొత్త కాదు. ఆయన కొడుకు అలీ, జైనుల్ ఆబిదీన్ అంటారు. మదీనాలో రాత్రిపూట పిండి మూటలు వీపున మోసుకుపోయి పేదల గుమ్మాల్లో పెట్టేవారట. ఎవరు పెడుతున్నారో ఆ ఇళ్ళవాళ్ళకు తెలియదు. ఆయన చనిపోయాక మూటలు రావడం ఆగిపోయింది, స్నానం చేయించేటప్పుడు వీపు మీద మోత గుర్తులు కనబడ్డాయి, అప్పుడు తెలిసిందని చరిత్రకారులు రాశారు. ఆ పద్ధతిలో దాత పేరు ఒక్కటే కాదు, తీసుకున్నవాళ్ళ ముఖం కూడా చీకట్లోనే ఉండిపోయింది.

దాతలు అడిగేదీ న్యాయమే

రెండో వైపు కూడా చెప్పాలి. మొన్నటి సమావేశంలో ఒక దాత అడిగాడు: "అన్నా, ఫోటో లేకపోతే నా డబ్బు ఏమైందో నాకెట్లా తెలుస్తుంది?" న్యాయమైన ప్రశ్న. సంఘాల పేరుతో వసూళ్ళు చేసి లెక్క చెప్పనివాళ్ళను మనమందరం చూశాం.

బాహాటంగా ఇవ్వడం తప్పని ఇస్లాం అనలేదు. బాహాటంగా ఇస్తే మంచిదే, గుట్టుగా పేదలకు అందిస్తే ఇంకా మంచిదని అదే బఖరా అధ్యాయం చెబుతోంది. ముజర్ తెగవాళ్ళు ఒంటి మీద సరిగా బట్టలు లేకుండా మదీనాకు వచ్చినప్పుడు, ఒకాయన అందరి ఎదుటా బరువైన సొమ్ము సంచి తెచ్చి ఇచ్చాడు. అతణ్ణి చూసి మిగతావాళ్ళూ తెచ్చారు. మంచికి దారి వేసినవాడికి ఆ దారిన నడిచినవాళ్ళ పుణ్యంలో కూడా భాగం ఉందని ప్రవక్త మెచ్చుకున్నారు. ప్రదర్శన అంటారేమోనని భయపడి మంచి పని మానేయడం కూడా జనం కోసం బతకడమేనని హిజ్రీ రెండో శతాబ్దపు సాధువు ఫుజైల్ బిన్ ఇయాజ్ అన్నారు. కాబట్టి కిట్లు మానేద్దాం అనేది జవాబు కాదు.

జకాతు విషయమే చూడండి. మిగులు సొమ్ములో నూటికి రెండున్నర ఇవ్వాలి. అది ఎవరికి చెందాలో ఖుర్ఆన్ తొమ్మిదో అధ్యాయం ఎనిమిది పద్దులుగా చెప్పింది. అందులో ఒక పద్దు జకాతు వసూలు చేసి, పంచే పనివాళ్ళది. జీవితమంతా గుమాస్తాగా రిజిస్టర్లు నింపినవాణ్ణి కాబట్టి ఆ మాట చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. లెక్క చూడటమూ ఆరాధనకు సంబంధించిన పనే. దాత అడుగుతున్నది లెక్క. మనం ఇస్తున్నది ఫోటో. ఏ ఆడిటరూ ఫోటో చూసి ఓచరు పాస్ చేయడు.

మేం అనుకున్న పద్ధతి

గంటన్నర వాదన తరవాత కార్యవర్గం ఒప్పుకున్నది ఇది. సరుకు కొన్న బిల్లులు, దుకాణం ముందు బస్తాలు, ఇవి ఎన్ని ఫోటోలైనా తీయవచ్చు. మనుషుల ఫోటో ఒక్కటీ ఉండదు. వేదిక ఉండదు. నంబరు వేసిన చీటీ ఇంటికి చేరుస్తాం. వాళ్ళు వీలున్నప్పుడు కిరాణా కొట్టుకు పోయి, మామూలు గిరాకీలాగే సరుకు తెచ్చుకుంటారు. సంతకాల రిజిస్టరు ఒక్కటే. అది నా దగ్గర, కోశాధికారి దగ్గర ఉంటుంది. అనుమానం ఉన్న దాత తరఫున కార్యవర్గంలో లేని ఇద్దరు పెద్దలు వచ్చి చీటీలతో సరిచూస్తారు. వచ్చిన సొమ్ము, పెట్టిన ఖర్చు, కిట్ల సంఖ్య, మిగులు, ఈ నాలుగు అంకెలు మాత్రం నోటీసు బోర్డు మీదా గ్రూపుల్లోనూ పెడతాం. ఫిత్రా సొమ్ము పండగ నమాజుకు ముందే ఇళ్ళకు చేరాలి కాబట్టి దానికి వేరే కవర్లు.

దీనికి వెల కూడా కట్టాం. ఇద్దరు దాతలు వెనక్కి తగ్గారు. పోయినేడు 120 కిట్లు ఇచ్చినవాళ్ళం ఈసారి 90 దాటేటట్టు లేదు. ముప్పై ఇళ్ళకు తగ్గుతున్నాయి, పరువు కోసం పస్తులు పెడతారా అని కార్యవర్గంలోనే ఒకాయన నిలదీశాడు. ఆ మాట తేలికగా తీసేయదగింది కాదు. ఆ ముప్పై నింపడానికి నేనూ, ఇంకో నలుగురూ ఇల్లిల్లూ తిరుగుతున్నాం. ఇప్పటికి 11 వచ్చాయి.

ఈ మాట ముస్లింలకే కాదు. షోలాపూరు, బరంపురం, హోసూరు, యానాం, మన సంఘం ఎక్కడున్నా సంక్రాంతికి దుప్పట్లు, బడి తెరిచేనాటికి నోటుపుస్తకాలు, వేసవిలో అన్నదానం జరుగుతూనే ఉంటాయి. పొరుగు రాష్ట్రంలో మనం కొద్దిమందిమి. అందరం అందరికీ తెలిసినవాళ్ళమే. ఎవరి పిల్ల దుప్పటి తీసుకుంటూ ఫోటోలో పడిందో మర్నాటికి బంధువులందరికీ తెలిసిపోతుంది. అందుకే ఈ జాగ్రత్త పెద్ద ఊళ్ళకంటే మనకే ఎక్కువ అవసరం.

పాత ఫోటోలు మా పేజీ నుంచి నేనే తీసేశాను. గ్రూపుల్లో పంచుకున్నవి ఎవరి ఫోన్లలో ఉన్నాయో నాకు తెలియదు. మా సంఘం పంపిన అలాంటి ఫోటో మీ దగ్గర ఉంటే దయచేసి తీసేయండి. ఆమె పాపకు సంబంధం ఇంకా చూస్తూనే ఉన్నారు.