పిల్లల ఇంటి తెలుగును ఎగతాళి చేసే అయ్యవారు మనకెందుకు?

కోపం వస్తే రానీండి, పూర్తిగా చదివి ఆ తరవాత తిట్టండి.

మన సంఘం ఎప్పుడు కూడినా మాట ఒకటే: 2006 చట్టం. ఆ చట్టంతో ఒకటో తరగతిలో మొదలైన నిర్బంధ తమిళం 2016 నాటికి పదో తరగతి పరీక్ష దాకా వచ్చింది. మైనారిటీ భాషల పిల్లల కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది. పోరాటం న్యాయమే, కాదనను.

మరి సర్కారు చెయ్యి లేని చోట మనమేం చేస్తున్నాం? మన ఆదివారం తెలుగు తరగతుల సంగతే అడుగుతున్నాను.

పిల్ల లేచి "బువ్వ తిని వచ్చినాను, మా అవ్వ ఇంట్లో ఉండాది" అంటుంది. అయ్యవారు నవ్వుతాడు. "అన్నం అనాలి, ఉంది అనాలి, ఇది అరవ తెలుగు" అంటాడు. బువ్వ అరవమా? ఉండాది అరవమా? చిత్తూరు పల్లెలకు పోయి వినండి. నాలుగైదు వందల ఏళ్లుగా కోయంబత్తూరు, మదురై ఇళ్లలో మన ఆడవాళ్లు కాపాడిన మాటలవి. ఆ పిల్ల మరుసటి ఆదివారం నోరు తెరవదు. మూడో ఆదివారం రాదు. మనమేమో "ఈ కాలం పిల్లలకు ఆసక్తి లేదు" అని తేల్చేస్తాం.

ఇంకొకటి. పిల్లవాడు "గాలి" అని చక్కగా పలికి, పలక మీద "కాలి" అని రాస్తాడు. వాడికి తెలుగు రాక కాదు. బడిలో నేర్చిన తమిళంలో క, గ రెంటికీ అక్షరం ఒకటే. ఈ సంగతి తెలిసిన అయ్యవారు "నీ నోరు చెప్పింది సరే, చేతికి ఇంకో అక్షరం నేర్పుదాం" అంటాడు. తెలియని అయ్యవారు ఎర్ర సిరాతో కొట్టేస్తాడు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తాం. పర్లాకిమిడిలో ఆ అయ్యవారు చేసిందేమిటి? సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు, బడులు పెట్టాడు. మనవాడని గర్వంగా చెప్పుకునే కి. రాజనారాయణన్ కోవిల్పట్టి నల్లరేగడి సీమ పల్లె మాటలకు నిఘంటువే కట్టాడు. దండ వేసిన చేత్తోనే పిల్ల నోరు మూయించడం ఏం మర్యాద?

"పుస్తక భాష రాకపోతే పరీక్ష ఎట్లా రాస్తారు?" అంటారు. రావాలి. ఇంటి మాట మీద నిలబెట్టి నేర్పితేనే వస్తుంది.

చివరి మాట చేదుగా ఉంటుంది. కోయంబత్తూరులో తెల్లవారకముందే వీధులు ఊడ్చే అరుంధతియరుల ఇళ్లలో చాలాచోట్ల మాట్లాడేది తెలుగే. జనాభా లెక్కల్లో "మనం ఇంతమందిమి" అని చెప్పుకోవడానికి వాళ్లు కావాలి. వాళ్ల పిల్లలకు మన తరగతిలో చాప వేశామా? తెలుగు అభిమానమా, కులాభిమానమా, తేల్చుకుందాం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు పెడతాను. మొదటి నెల ఎర్ర సిరా వద్దు. ప్రతి అయ్యవారూ ఏడాదికొకసారి ప్రతి పిల్ల ఇంటికీ పోయి, అవ్వతో కూర్చుని మాట్లాడాలి. తరగతి తలుపు తెలుగు మాట్లాడే ప్రతి ఇంటి పిల్లకూ తెరవాలి. కాదనేవాళ్లు సభలో లేచి, ఎందుకు కాదో చెప్పండి.