తలుపు తెరచినవా రెవరు?

2025వ సంవత్సరము సెప్టెంబరు మాసమున అమెరికా అధ్యక్షుడు ట్రంపు ఒక ప్రకటన కావించెను. హెచ్-1బి అనుమతిపై విదేశమునుండి క్రొత్తగా నిపుణుని రప్పించుకొను యజమాని లక్ష డాలర్లు చెల్లింపవలయునని దాని సారాంశము. ఆ వార్త వెలువడిన దినమున గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాలలోను, హైదరాబాదు, వరంగల్లు పట్టణములలోను ఎన్ని యిండ్లలో కలవరము పుట్టెనో మేము వేరుగ చెప్ప నక్కఱలేదు. పొలము తాకట్టుపెట్టి కుమారుని సముద్రము దాటించిన గృహస్థు "మా వాని గతి యేమి?" యని యడుగుట సహజము. కాని తలుపు మూతపడునేమో యని చింతించువారు, ఆ తలుపు మనకెన్నడు తెరువబడినది, ఎవరు తెరచిరి అను సంగతిని గూడ విచారింపవలసియున్నది.

అమెరికా వలసవారి దేశమని యెల్లరు నందురు. అది సగము నిజము. ముందు వచ్చినవారు వెనుక వచ్చువారికి తలుపు మూసిన దేశముగూడ నదియే. 1790లో చేసిన శాసనము వలసవచ్చినవారిలో స్వతంత్రులగు తెల్లవారికి మాత్రమే పౌరసత్వము నొసగెను. 1845 మొదలు బంగాళదుంపపంట తెగులుచే నశించి ఐర్లండును కఱవు క్రమ్మగా, లక్షలకొలది జనులు న్యూయార్కు, బోస్టను రేవులలో దిగిరి. దరిద్రులని, కతోలికులని అచ్చటివారు వారి నేవగించుకొనిరి. వారు మూటలు మోసి, ఇనుపదారులు వేసి, ఓటుబలము కూర్చుకొని నిలదొక్కుకొనిరి. అటుపిమ్మట జరిగినదేమి? 1877లో కాలిఫోర్నియాలో "చీనావారు పోవలయు"నని కార్మికులను రెచ్చగొట్టిన డెనిస్ కియర్నీ ఐర్లండులో పుట్టి వలసవచ్చినవాడే! 1869లో ముగిసిన ఖండాంతర రైలుమార్గమునకై పశ్చిమమున కొండలను తొలిచిన కూలీలలో అధికసంఖ్యాకులు చీనావారు. ఆ చీనాకూలీల రాకనే 1882నాటి శాసనము నిషేధించెను. ఆ నిషేధము 1943 వఱకు తొలగలేదు.

వలసవారు జీతములు తగ్గింతురను ఫిర్యాదు నాడును గలదు, నేడును గలదు. అది కేవలము ద్వేషజనితమని మేమనము. చౌకగా దొరకు కూలివానిని జూపి స్థానికుని కూలి తెగగోయు యజమానులు ఎల్లకాలములయందు నున్నారు. కాని ఆ కథకు రెండవ ప్రక్క గూడ గలదు. 1892లో న్యూయార్కు రేవున తెరువబడిన ఎల్లిస్ ద్వీపపు పరీక్షాకేంద్రము గుండ, 1954లో మూయబడులోపల, ఇంచుమించు 1 కోటి 20 లక్షలమంది దేశమున ప్రవేశించిరి. వారిలో ఇటలీవారును, తూర్పు ఐరోపానుండి వచ్చిన యూదులును పెక్కురు. 1911 మార్చి 25వ తేదీన న్యూయార్కులో ట్రయాంగిల్ అను దుస్తుల కర్మాగారము తగులబడి 146 మంది మడిసిరి. మృతులలో హెచ్చుమంది ఈ వలసకుటుంబముల పడుచులు. మెట్లకు పోవు తలుపొకటి తాళము వేసియుండుటచే వారు బయటపడలేకపోయిరి. ఆ ఘోరమును కన్నులార జూచిన ఫ్రాన్సెస్ పెర్కిన్సు అను విదుషీమణి 1933లో కార్మికశాఖకు కార్యదర్శినియై, 1938లో కనీసవేతనమును, పనిగంటల మితిని విధించు శాసనము వెలువడుటకు మిక్కిలి పాటుపడెను. నేడు అమెరికను కార్మికు డనుభవించు రక్షణల వెనుక ఆ పరదేశపు పడుచుల ప్రాణములున్నవి. వలసవారు ఆ దేశమునకు కేవలము చేతులనిచ్చినవారు కారు. న్యాయమును గూడ నిచ్చినవారు.

ఇక మనవారి మాట. 1917నాటి శాసనము ఆసియాఖండమున పెద్దభాగమును గీత గీచి, ఆ గీతలోనివారు రారాదనెను. భారతదేశ మా గీతలోనిదే. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ అను సిక్కు సోదరుని వ్యాజ్యెము ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమున తీర్పుపడినది. ఆయన ప్రథమ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యమున పనిచేసినవాడు. తాను ఆర్యజాతివాడనని, ఉన్నతకులజుడనని, కావున తెల్లవారిలో లెక్కింపదగినవాడనని ఆయన పక్షమున వాదము జరిగెను. సామాన్యుని దృష్టిలో ఇతడు తెల్లవాడు కాడని న్యాయమూర్తి సదర్లాండు త్రోసివేసెను. అంతకుముందు పౌరసత్వము పొందిన భారతీయులనుండి గూడ దానిని లాగుకొన నారంభించిరి. కులగౌరవమును చేతబట్టుకొని పరుల తలుపు తట్టినవానికి లభించిన ఫలమిది. మనవారు దీనిని మరవరాదు.

అదే 1923లో భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు విద్యార్థియై బోస్టను చేరిరి. శరీరమున శక్తి నిలువయుండు విధమును పరిశోధించి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును, క్యాన్సరునకు వాడు మందులను వెలువరించిన ఈ మహనీయుడు 1948లో పౌరసత్వము లేకయే అచ్చట కన్నుమూసెను. తెలుగువాని ప్రజ్ఞ 1923లోనే యున్నది, తలుపుమాత్రము లేదు. ప్రజ్ఞయే తలుపు తెరచునని నమ్మువారికి ఈ యొక్క జీవితము చాలును.

మరి తెరచినదెవరు? అమెరికాకు స్వేచ్ఛతో వలసరాక, సంకెలలతో తేబడినవారి సంతతియే. అంతర్యుద్ధానంతరము బానిసత్వవిముక్తులైన నీగ్రో జాతివారికి పౌరసత్వము సుస్థిరపరచుటకై 1868లో రాజ్యాంగమునకు 14వ సవరణ చేయబడినది. ఆ గడ్డపై పుట్టినవాడు ఆ దేశపు పౌరుడని అది చాటెను. 1898లో ఆ సవరణయే వాంగ్ కిమ్ ఆర్క్ అను చీనా దంపతుల బిడ్డను కాపాడెను. తాత్కాలికానుమతిపై నున్నవారి బిడ్డలకు ఆ హక్కు వర్తింపదని 2025 జనవరిలో అధ్యక్షు డాజ్ఞ యిచ్చినపుడు, మన తెలుగు దంపతులు ఆశ్రయింపవలసివచ్చినదియు ఆ సవరణనే.

1910 మొదలు 1970 వఱకు దాదాపు 60 లక్షల నల్లవారు దక్షిణరాష్ట్రముల దౌర్జన్యమును వీడి ఉత్తర, పశ్చిమ నగరములకు కదలిరి. దేశములోపల జరిగిన ఈ వలస నగరములను, రాజకీయమును, సంగీతమును మార్చివైచెను. గాంధీమహాత్ముని మార్గమును తనదిగా జేసికొని, 1959లో మనదేశమును దర్శించిన మార్టిన్ లూథర్ కింగు నాయకత్వమున ఆ జాతి సాగించిన సత్యాగ్రహము 1964లో పౌరహక్కుల శాసనమును, 1965 ఆగస్టులో ఓటుహక్కు శాసనమును సాధించెను. పుట్టిన జాతినిబట్టి ఓటు నిరాకరించుట తప్పని యొప్పుకొన్న శాసనసభ, పుట్టిన దేశమునుబట్టి ప్రవేశము నిరాకరించుట యొప్పని యెట్లనగలదు? 1965 అక్టోబరు 3వ తేదీన స్వాతంత్ర్యదేవత విగ్రహము చెంత అధ్యక్షుడు జాన్సను నూతన వలసశాసనముపై సంతకము చేసెను.

1924లో జాతులవారీ కోటాలు విధించిన శాసనమును నూతనసభ్యుడుగా వ్యతిరేకించిన బ్రూక్లిను ప్రతినిధి ఇమాన్యుయెల్ సెల్లరు, 1946లో భారతీయులకు పౌరసత్వార్హతను, ఏటికి 100 మందికి ప్రవేశమును కల్పించిన శాసనమునకును, 1965 శాసనమునకును కారకులలో నొకడు. 41 ఏండ్ల యోపిక! 1964 పౌరహక్కుల శాసనమును ప్రతినిధిసభలో నడపినవాడును ఆయనయే. రెండు పోరాటములు నొక్కటియే యనుటకు వేఱు సాక్ష్యమేల?

ఆ తలుపు తెరచిన పిమ్మటనే మన వైద్యులు, ఇంజనీర్లు వెళ్లిరి. 1990 శాసనము హెచ్-1బి మార్గమునకు రూపము నొసగెను. పిట్స్‌బర్గులో వేంకటేశ్వరుడు వెలసెను. హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్టు సంస్థకు అధిపతియయ్యెను. 1970లో దేశజనులలో విదేశములందు పుట్టినవారు నూటికి 5గురైనను లేరు. నేడు ఆ పాలు అంతకు మూడింతలకు చేరువయైనది. అయితే ఆ 1965 శాసనమే మెక్సికో మున్నగు పొరుగుదేశములవారికి మొదటిసారి సంఖ్యాపరిమితి విధించెనని, తరతరములుగ పొలములలో పనికి వచ్చిపోవువారిలో పెక్కురు నాటినుండి అక్రమప్రవేశకులుగా లెక్కింపబడిరని గుర్తింపవలయును.

అమెరికాలోని మన సోదరులకు మేము చెప్పదలచిన దిదియే. మేము విద్యావంతులము, శాసనబద్ధులము, మెక్సికోవారివలెను నల్లవారివలెను కాము అను మాట కొందఱి నోట వినబడుచున్నది. అది థిండ్ గారి న్యాయవాది ప్రయోగించి యోడిన వాదము. కియర్నీ కేకకు సోదరి. తనదేశమునకు ఎవరు రావలయునో నిర్ణయించుకొను హక్కు ప్రతిరాజ్యమునకు గలదు. కాని ఆ నిర్ణయము జాతిని జూచి చేయబడునా, న్యాయమును జూచి చేయబడునా యనునదియే ప్రశ్న. న్యాయపక్షమున నిలిచి దెబ్బలు తిన్నవారు మనకు తలుపు తెరచిరి. ఆ ఋణము డాలర్లతో తీరునది కాదు. వెనుక వచ్చువానికొఱకు తలుపు పట్టుకొని నిలుచుటయే దానికి తగిన చెల్లింపు.